మళ్ళీ చెప్పు మాస్టరు

రైలెక్కి కిటికీ పక్కన కూర్చునేవాళ్ళకి గేటు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డ మనిషి ఒక్క క్షణం కనిపిస్తుంది. ఆ క్షణం అయ్యాక చేతిలో ఉన్న పల్లీలు తినడంలో పడిపోతారు. రైలు బొగ్గుతోనో, నూనెతోనో, కరెంటుతోనో నడుస్తుందని వాళ్ళ నమ్మకం. చక్రాలు తిరగడానికి అవి కావాలి, కాదనను. కాని బండి స్టేషను వదిలి కదిలేది మాట మీద. ఒకరు మాటిస్తారు, ఆ మాట విని ఇంకొకరు సిగ్నల్ రెక్క వాలుస్తారు, ఆ రెక్కని చూసి డ్రైవరు ఎనిమిది వందల మందిని వెనకేసుకుని బయల్దేరతాడు. ఇరవై ఆరేళ్ళు అలా మాటిచ్చినదాన్ని నేను, గేటుమనిషిని. వాటిలో పద్నాలుగేళ్ళు ఆ మాట పుచ్చుకున్నవాడు మా స్టేషను మాస్టరు. ఆయన గురించి మంచి చెప్పేవాళ్ళు కొందరున్నారు. కావాలంటే వాళ్ళని అడగండి. నాకు తెలిసిన మనిషిని నేను చెప్తాను.

ఆయన అసలు పేరు ఆఫీసు తలుపు పక్కన చెక్క మీద రాసి ఉండేది. ఎవరూ దాంతో పిలవలేదు. ఏం చెప్పినా "మళ్ళీ చెప్పు" అనడం ఆయన అలవాటు కాబట్టి పేరూ అదే అయింది. సన్నటి మనిషి. తెల్లకోటు గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు, ఎండాకాలం కూడా. కలం మూత పళ్ళ మధ్య పెట్టుకుని మాట్లాడేవాడు. పాలు పోసే ఆవిడ అనేది, "రెండు గ్లాసులు పోశానయ్యా అంటే లోపల్నుంచి మళ్ళీ చెప్పు అంటాడు. మళ్ళీ చెప్తే, ఇంకో రెండు పోశావా అంటాడు. ఆ ఇల్లాలు ఎలా వేగుతోందో." ఆ ఇల్లాలు స్టేషను వెనక క్వార్టరులో ఉండేది. ఆమె గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. రెండుసార్లు చెప్పే ఓపిక లేక అసలు మాట్లాడటం మానేసిందని నా అనుమానం.

నేను గేటుకి ఎలా వచ్చానో చెప్పాలి. నాకన్నా ముందు ఆ గేటు మా ఆయనది. రైల్వేలో నాలుగేళ్ళకోసారి కళ్ళు చూస్తారు. రంగు చుక్కల పుస్తకం తెరిచి, చుక్కల్లో దాగిన అంకె చదవమంటారు. మా ఆయనకి ఎరుపూ ఆకుపచ్చా పుట్టుకనుంచీ ఒకటే. పాత డాక్టరు మెత్తనివాడు కాబట్టి ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చాడు. కొత్త డాక్టరు దీపం చూపించి ఏ రంగు అని అడిగితే, "మీరు పెద్దవారు, మీరే చెప్పండి," అన్నాడట. ఆ సాయంత్రానికి ఉద్యోగం పోయింది. నేను ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆ ఉద్యోగం నా పేరున వేయించుకున్నాను. మూడేళ్ళు సరిగ్గా చేస్తే పర్మనెంటు, లేకపోతే లేదు. ఉద్యోగంతో పాటు గేటు పక్కన ఒక గదీ, ముందు రేకుల వసారా ఇచ్చారు. మేమూ మా పిల్లా ఉండేది ఆ గదిలోనే. ఉద్యోగం పోతే గదీ పోతుంది.

మొదటి రోజు గేటు దగ్గర డ్యూటీ గుడిసె గోడకి ఉన్న ఫోను మోగింది. ఆ ఫోనుకి పక్కన పిడి ఉంటుంది, దాన్ని తిప్పితే అవతల గంట కొడుతుంది. ఒకే తీగ మీద మా గేటు, అవతలి గేటు, రెండు స్టేషన్లూ ఉంటాయి. ఒకరు మాట్లాడుతుంటే ఎత్తినవాళ్ళందరికీ వినపడుతుంది. నేను ఎత్తి ఎవరూ అన్నాను.

"స్టేషను. గేటు మనిషి ఏడీ?"

"నేనే గేటు మనిషినండి."

"మళ్ళీ చెప్పు."

చెప్పాను.

"చదువు?"

"మూడో తరగతి."

"వంద దాకా అంకెలు వచ్చా?"

"వెనక్కి కూడా వచ్చండి," అన్నాను. నా నోటిదురుసు నాదే.

"చెప్పు," అన్నాడు.

హాస్యమాడుతున్నాడనుకున్నాను. కాదు. వంద నుంచి వెనక్కి ఒక్కొక్కటే చెప్పించాడు. అరవై రెండు దగ్గరకి వచ్చేసరికి తీగ మీద ఎవరో కిసుక్కుమన్నారు. అవతలి గేటువాడు ఫోనెత్తి వింటున్నాడు. నలభై దగ్గర ఇంకో గొంతు నవ్వింది. ఒకటి దాకా చెప్పించి, "సరే," అని పెట్టేశాడు. ఆ రోజు నుంచి ఆయన మీద నాకు మంట. అది చల్లారుతుందని ఎవరైనా అనుకుంటే ఇక్కడే చదవడం ఆపెయ్యవచ్చు.

రైలు ఆపడం కష్టమని అందరికీ తెలుసు, ఎంత కష్టమో తెలియదు. వేగంగా వచ్చే బండికి బ్రేకు పడ్డాక అర మైలు కావాలి నిలబడటానికి. అడ్డం ఉన్నది డ్రైవరు కంటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే ఒక స్టేషను నుంచి పక్క స్టేషను దాకా ఉన్న దారిలో ఒకే బండి ఉండాలని నియమం. మా మాస్టరు గదిలో ఎర్రరంగు వేసిన ఇనప యంత్రం ఒకటుంది, దానికి జత పక్క స్టేషనులో. ఇక్కడ గంటలు కొడితే అక్కడ మోగుతాయి. దారి ఖాళీ అని అవతలివాడు ఒప్పుకుని మీట నొక్కి పట్టుకుంటేనే ఇవతల యంత్రం లోంచి నిమ్మకాయంత ఇనప గుండు ఒకటి రాలుతుంది. దాన్ని తోలుసంచిలో పెట్టి, బెత్తపు చుట్టకి కట్టి డ్రైవరుకి అందిస్తారు. గుండు చేతికి రాకపోతే డ్రైవరు కదలడు. ఒక గుండు బయటున్నంతసేపూ రెండు యంత్రాలూ బిగుసుకుపోతాయి, రెండోది రాలదు. ఎదురెదురుగా రెండు బళ్ళు రాకుండా ఉండేది ఈ గుండు వల్లే. పట్టాలు కలిసే చోటా అంతే. బండిని ఒక పట్టా మీంచి ఇంకోదానికి మళ్ళించే పాయింటు పూర్తిగా కుదిరి తాళం పడితే తప్ప, పాయింట్స్‌మన్ ఎంత లాగినా సిగ్నల్ రెక్క వాలదు. ఇనుము అబద్ధం ఆడదు, మొహమాటపడదు.

మా గేటుకి మాత్రం అలాంటి ఇనుము లేదు. స్టేషనుకి రెండు మైళ్ళ అవతల, మలుపు దాటాక ఉంటుంది గేటు. అది వేసి ఉందో తీసి ఉందో మాస్టరుకి కనిపించదు. ఆయనకి ఉన్న ఆధారం నా నోరు. ఆ నోటిని కట్టెయ్యడానికి పైవాళ్ళు ఒక కాగితం పంపుతారు. దాని మీద అంకెలు కలగాపులగంగా ఉంటాయి. పదకొండు, తొంభై నాలుగు, ముప్పై, ఇలాగ. నా కాగితం మీద ఏ అంకె తర్వాత ఏది ఉందో మాస్టరుకి తెలియదు. బండి వస్తుందని ఆయన చెప్తాడు. నేను చక్రం తిప్పి గేటు దించి, తాళం వేసి, వచ్చి గేటు వేశానని చెప్పి, కాగితం మీద తర్వాతి అంకె చదివి, దాన్ని కొట్టేస్తాను. ఆయన ఆ అంకెని పుస్తకంలో రాసుకుని, అప్పుడు సిగ్నల్ ఇస్తాడు. ఆయన పుస్తకంలో అంకె నా కాగితం మీద కొట్టేసిన అంకెతో సరిపోవాలి. మాట ఇచ్చిపుచ్చుకున్నట్టు అదే సాక్ష్యం.

రూలు పుస్తకంలో ఉన్నది అది. జరిగేది వేరు. మాస్టరు ఫోను చేసిన వెంటనే గేటు వేస్తే, అవతలి స్టేషనువాడు ఒప్పుకుని, గుండు రాలి, బండి కదిలి ఇక్కడికి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ రోడ్డు మీద రెండువైపులా బళ్ళు ఆగి హారను కొడుతూ ఉంటాయి. మా అమ్మనీ అమ్మమ్మనీ తలుచుకునేవాళ్ళు తలుచుకుంటారు. అందుకని మా ఆయన నాకు పని నేర్పిన మొదటి రోజే చెప్పాడు.

"ఫోను రాగానే నంబరు పారెయ్యి. గేటు తర్వాత నింపాదిగా వేసుకో. గేటు ఎక్కడికి పోతుందే?"

"అడిగితే?"

"ఎవడడుగుతాడు? ఆయన నంబరు అడుగుతాడు. గేటు సంగతి ఎత్తడు."

అది నిజం. ఫోనెత్తితే "ఫలానా బండి. నంబరు?" అనేవాడు. నేను చెప్తే "మళ్ళీ చెప్పు" అనేవాడు. మళ్ళీ చెప్తే పెట్టేసేవాడు. పప్పులో రాయి ఏరినట్టు అంకెని రెండుసార్లు ఏరుకున్న ఆ మనిషి, గేటు వేశావా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఆ లైను మీద అన్ని గేట్లలోనూ ఇదే తంతు. మూడేళ్ళు కావడానికి నాకు రెండు నెలలు ఉంది. ఆయనకి కూడా పెద్ద జంక్షనుకి ప్రమోషను మీద వెళ్ళమని ఆర్డరు వచ్చిందని, మాస్టరమ్మ సామాను కడుతోందని పాలావిడ చెప్పింది. పీడ వదులుతోందని సంతోషించాను.

ఆ రోజు పొద్దున పదిన్నర దాటింది. ఫోను మోగింది.

"పాసింజరు. నంబరు?"

బయటకి తొంగిచూశాను. ఇటుకల ట్రాక్టరు ఒకటి వస్తోంది. అది దాటగానే వేద్దామనుకున్నాను.

"డెబ్బై మూడు."

"మళ్ళీ చెప్పు."

"డెబ్బై మూడండి. ఏడు, మూడు."

కాగితం మీద కొట్టేసి, ట్రాక్టరువాడితో రెండు మాటలు మాట్లాడాను. వాడు పట్టాల అవతలే ఆగి బీడీ వెలిగించుకుంటున్నాడు. కదులు నాయనా అంటే కదిలాడు. ట్రాక్టరు ఇంజను పట్టాలు దాటింది, వెనక ట్రాలీ దాటలేదు. రెంటినీ కలిపే పిన్ను ఊడి పడింది. వాడు ముందుకి పోతూనే ఉన్నాడు. వాడి ఇటుకలు మాత్రం సరిగ్గా రెండు పట్టాల మధ్య నిలబడిపోయాయి.

ఫోను పిడి తిప్పాను.

"బండి ఆపండి."

"ఎవరు?"

"గేటు. పట్టాల మీద ఇటుకల ట్రాలీ ఉంది."

"మళ్ళీ చెప్పు," అన్నాడు.

నా జన్మలో ఏ మాటా అంత కంపరంగా వినపడలేదు. మళ్ళీ చెప్పాను. 

"బండి వెళ్ళిపోయింది," అన్నాడు.

ఎర్రజెండా, టపాకాయల డబ్బా తీసుకుని పరిగెత్తాను. ఆ టపాకాయలు రేకు బిళ్ళల్లా ఉంటాయి, పట్టా మీద పెట్టి రేకు చెవులు వంచితే అంటుకుని ఉంటాయి. చక్రం ఎక్కగానే పేలి డ్రైవరుకి వినపడతాయి. చీర కుచ్చిళ్ళు దోపుకుని చెక్కల మీద అడుగులు వేసుకుంటూ మలుపు దాకా పోయాను. అక్కడికి చేరేసరికి పట్టాలు ఝుమ్మంటున్నాయి. మూడు బిళ్ళలు బిగించాను. మూడోదానికి చెవి సరిగ్గా వంగలేదు. పక్కకి గెంతి జెండా ఊపాను. మొదటిది పేలింది, రెండోది పేలింది. బండి నన్ను దాటి, కీచుమంటూ, నిప్పురవ్వలు రాల్చుకుంటూ పోయింది. కిటికీల్లో జనం ఒక్కరూ నా వైపు చూడలేదు. నేను వెనక్కి పరిగెత్తేసరికి ఇంజను ట్రాలీకి నలభై అడుగుల ఇవతల నిలబడి ఆవిరి వదులుతోంది. కంకరలో కూర్చుండిపోయాను.

డ్రైవరు దిగాడు. లావుపాటి మనిషి, మెడలో తుండు. నన్ను చాలా మాటలన్నాడు. వాటిలో కొన్ని నేను పడవలసినవే. జనం దిగి ట్రాలీని నెట్టారు, పిన్ను మళ్ళీ పెట్టారు. ట్రాక్టరువాడు ఎవరికీ చెప్పకుండా పోయాడు. గార్డు గడియారం చూసుకుని పంతొమ్మిది నిమిషాలు లేటు అన్నాడు. డ్రైవరు తుండుతో మొహం తుడుచుకుని గార్డుతో గొంతు తగ్గించి మాట్లాడి, నా దగ్గరికి వచ్చాడు.

"ఏమమ్మా, పర్మనెంటా?"

"రెండు నెలలుందండి."

"విచారణ అంటూ మొదలైతే నన్ను కూడా పది రోజులు తిప్పుతారు. మా అల్లుడు వచ్చి ఉన్నాడు ఇంట్లో. బర్రెలు అడ్డొచ్చాయని రాస్తాం. నీ మాస్టరు కూడా అదే రాస్తే సరి. నువ్వు చూసుకో."

అంటే నా ఉద్యోగం, నా గది, అన్నీ ఇప్పుడు ఆయన కలం మీద ఉన్నాయి. డ్యూటీ దిగాక నేను పట్టాల వెంట నడిచి స్టేషనుకి పోయాను. సాయంత్రం అయిదు. క్వార్టరు వసారాలో ట్రంకుపెట్టెలు తాళ్ళతో కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. చుట్టిన పరుపు, బోర్లించిన బిందె. ఆఫీసులో ఆయన ఒక్కడే ఉన్నాడు.

"ఏం గేటూ, ఇలా వచ్చావ్?" అన్నాడు. నన్ను అలాగే పిలిచేవాడు, ఇనప కమ్మీకి పేరు పెట్టినట్టు.

"డ్రైవరుగారు బర్రెలు అడ్డొచ్చాయని రాశారండి. గార్డుగారూ అదే రాశారు."

"విన్నాను."

"మీరూ అదే రాస్తే అయిపోతుందండి."

"ఎన్ని బర్రెలు?"

"అవన్నీ ఎవరడుగుతారండీ."

"నేనడుగుతున్నాను."

"మూడు."

"మళ్ళీ చెప్పు."

"మూడో, నాలుగో."

"చూశావా," అన్నాడు, "రెండోసారికే ఒక బర్రె ఎక్కువైంది."

ఆయన మొహం మీద నవ్వు లేదు. పుస్తకం నా వైపు తిప్పాడు. పన్నెండు గంటలకే రాసేశానని చెప్పి, అక్షరం అక్షరం చదివాడు. పాసింజరుకి గేటు నంబరు డెబ్బై మూడు పుచ్చుకున్నాననీ, గేటు వేశావా అని తాను అడగలేదనీ, ఇదివరకు కూడా అడిగే అలవాటు లేదనీ, గేటు వెయ్యకుండానే గేటుమనిషి నంబరు ఇచ్చిందనీ, ఇంజను ట్రాలీకి నలభై అడుగుల ఇవతల ఆగిందనీ రాసి ఉంది. కింద సంతకం. సిరా ఎండిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీ పెట్టెలు కట్టి ఉన్నాయి కదండీ."

"ఉన్నాయి."

"ఇది పైకి పోతే అవి విప్పుకోవాలి."

"విప్పుకుంటాను."

"మీకు విప్పుకోవడానికి ఇల్లుంది. మా సామాను వీధిలో పడుతుంది. మా ఆయన కళ్ళ సంగతి మీకు తెలుసు."

"తెలుసు. ఆయనకి రంగు కనపడక పోయింది ఉద్యోగం. నువ్వు అన్నీ కనపడుతూనే తప్పు చేశావు."

"మీ తప్పు మీరు రాసుకోండి. నా ఊసెందుకు?"

"నీ ఊసు తీసేస్తే ఆ డెబ్బై మూడు నాకు ఎవరిచ్చారని రాయను? బర్రెలా?"

 జవాబు లేనప్పుడు నేను ఊరుకునే మనిషిని కాదు. "మీ చెయ్యి పడిపోను," అన్నాను, మొహం మీదే. "మళ్ళీ చెప్పమంటారా?"

"అక్కర్లేదు," అన్నాడు. "వినపడింది." కలానికి మూత పెట్టి, గంట మోగుతున్న యంత్రం వైపు తిరిగాడు.

పన్నెండు రోజుల తర్వాత ముగ్గురు ఆఫీసర్లు వచ్చారు. వెయిటింగు రూములో కుర్చీలు వేశారు. గుమాస్తా నా ముందు సిరా దిండు పెట్టి వేలిముద్ర వెయ్యమన్నాడు. దిండు పక్కకి నెట్టి, కలం అడిగి పుచ్చుకుని, పూర్తి పేరు ఇంటిపేరుతో సహా రాశాను. కాస్త పెద్ద అక్షరాలతోనే రాశాను. గుమాస్తా గీసిన గడి సరిపోలేదు.

"గేటు వెయ్యకుండా నంబరు ఎందుకిచ్చావు?" అన్నాడు నడిమి కుర్చీలో ఆయన.

"నంబరే అడిగారండి. గేటు వేశావా అని మూడేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఈయన ఏదైనా రెండుసార్లు అడుగుతారని ఊరంతా పేరు. గేటు సంగతి ఒక్కసారైనా అడిగి ఉంటే నా నోట అబద్ధం అంత తేలిగ్గా వచ్చేది కాదు."

ఆయన్ని గుచ్చాలనే అన్నాను. ఆ పొడుపుకి కింద పడతాడనుకున్నాను. ఆఫీసరు ఆయన వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు.

"నిజమే," అన్నాడు. "అడగడం నా పని. ఆమె చెయ్యాల్సిందాని కంటే ముందు నేను చెయ్యాల్సింది అది."

"ఇన్నేళ్ళూ?"

"పదకొండేళ్ళు. ఆమె కంటే ముందు ఆమె భర్తని కూడా అడగలేదు."

డ్రైవరు, గార్డుల బర్రెలు అక్కడే తప్పిపోయాయి. వాళ్ళకి మందలింపు పడింది. నాకు పర్మనెంటు రెండేళ్ళు వెనక్కి పోయింది, ఉద్యోగం, గది మిగిలాయి. ఆయన ప్రమోషను కొట్టేశారు. జంక్షను ఆర్డరు రద్దయింది. ఇక రిటైరయ్యేదాకా ఈ చిన్న స్టేషనే. మాస్టరమ్మ ట్రంకుపెట్టెల తాళ్ళు విప్పడం పాలావిడ చూసిందట. విప్పిన తాళ్ళని చుట్టి, దాచిపెట్టిందట.

ఆయన ఒప్పుకున్నాడు కాబట్టే నీ ఉద్యోగం మిగిలిందని మా ఆయన అంటాడు. ఆయన బర్రెలని రాసి ఉంటే ఒప్పుకునే పనే ఉండేది కాదు కదా అని నేనంటాను. రంగులు తెలియని మనిషికి ఇది మాత్రం ఎలా తెలిసిందో. ఈ తగువు మా ఇంట్లో ఇంకా తెగలేదు. ఆయన మీద జాలిపడమని నన్ను ఎవరూ అడగనక్కర్లేదు. అంకెలు వెనక్కి చెప్పించినప్పుడు ఆయన నా మీద జాలిపడ్డాడా?

విచారణ అయిన మర్నాటి నుంచి ఫోనులో మాట మారింది.

"పాసింజరు. గేటు వేశావా?"

"వేశాను."

"తాళం?"

"వేశాను."

"చూసి చెప్తున్నావా?"

"కళ్ళతోనే చూస్తానండి నేను."

"నంబరు?"

"పదహారు."

"మళ్ళీ చెప్పు."

రోజుకి తొమ్మిది బళ్ళు, పదకొండేళ్ళు. ఆ తీగ మీద మేమిద్దరం మాట్లాడుకున్నన్ని మాటలు మా ఆయనతో నేను మాట్లాడి ఉండను. వాటిలో ఒక్కటి కూడా మంచి మాట కాదు. మా అమ్మాయికి జ్వరమొచ్చినప్పుడు సెలవడిగితే, "బదిలీ మనిషి వచ్చాక వెళ్ళు. రాకముందు వెళ్తే రాస్తాను," అన్నాడు. ఆయన భార్యకి ఒంట్లో బాగాలేదని తెలిసి ఒకరోజు, "మాస్టరమ్మగారికి ఎలా ఉందండీ?" అన్నాను. "ఈ ఫోను దానికి కాదు. నంబరు?" అన్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు. ఒకసారి ఎవరో పెద్ద అధికారి కారు వచ్చి, నేను గేటు దించుతుంటే ఆపమంది. డ్రైవరు దిగి, ఎవరి కారో తెలుసా అన్నాడు. కారులో ఎవరున్నా పుస్తకంలో పేరు నాదే పడుతుందని చెప్పి గేటు దించేశాను. గేటు వెయ్యకుండా నంబరు మళ్ళీ నేను ఎప్పుడూ ఇవ్వలేదు. ఆయన మీద గౌరవంతో కాదు. నా గురించి ఆ పుస్తకంలో రాయడానికి ఆయనకి ఇంకో వాక్యం దొరకకూడదని.

చివరికి ఆయన రిటైరయ్యాడు. స్టేషనులో దండ వేశారట, నన్ను పిలవలేదు. నేను పోయేదాన్నీ కాదు. కొత్త మాస్టరు చిన్నవాడు, గొంతులో హుషారు ఉంది. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఆ కొత్తాయన నుంచి ఫోను వచ్చింది.

"గూడ్సండీ. నంబరు చెప్పేయండి."

"అలా కాదు. గేటు వేసి చేస్తాను," అని పెట్టేశాను. చక్రం తిప్పి గేటు దించుతున్నాను. కమ్మీ ఇంకా భుజాల ఎత్తులో ఉండగా ఒక వ్యాను దూసుకొచ్చి ఆగింది. వెనక బీరువా, పరుపులు, అవే ట్రంకుపెట్టెలు, అవే తాళ్ళు. ముందు సీట్లో మాస్టరమ్మ, పక్కన ఆయన. తెల్లకోటు లేదు. మామూలు చొక్కాలో ఎవరో గుమాస్తాలా ఉన్నాడు. నేను గేటు పూర్తిగా దించి తాళం వేశాను.

ఆయన దిగి కమ్మీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అన్నేళ్ళు నా గేటు మీద పెత్తనం చేసిన మనిషి ఆ గేటుని చూడటం అదే మొదటిసారి.

"గూడ్సు ఇంకా అక్కడ కదలలేదు," అన్నాడు. "వ్యాను పోనివ్వవచ్చు. ఇరవై నిమిషాలు."

"తెలుసండి."

"ఎండగా ఉంది. ఆవిడకి ఒంట్లో బాగుండదు."

"గుడిసెలో నీడుంది. కూర్చోమనండి."

మాస్టరమ్మ వ్యాను దిగి, నా వైపు చూడకుండా వచ్చి గుడిసె గుమ్మంలో కూర్చుంది. నేను ఫోను పిడి తిప్పాను. కొత్త మాస్టరు ఎత్తగానే "నంబరు?" అన్నాడు.

"ముందు గేటు వేశావా అని అడగండి," అన్నాను.

"ఏంటండీ?"

"గేటు వేశావా అని అడగండి. అడిగితేనే నంబరు. లేకపోతే మీ గూడ్సు సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది."

అడిగాడు. వేశానన్నాను. తాళం అడగమన్నాను, అడిగాడు. అప్పుడు గొంతు తగ్గించి అంకె చెప్పి, కాగితం మీద కొట్టేశాను. బయటకి వస్తే ఆయన కమ్మీ మీద రెండు చేతులూ ఆన్చి, పట్టాల మలుపు వైపు చూస్తున్నాడు.

"ట్రాలీ ఎక్కడాగింది?"

చూపించాను.

"ఇంజను?"

అది కూడా చూపించాను. ఆయన కళ్ళతో కొలిచాడు. "నలభై అడుగులని రాశాను. ముప్పై కూడా ఉండదు," అన్నాడు. పుస్తకంలో తప్పు పడిందని బాధపడుతున్నాడో, ఇంకేదైనానో నాకు తెలియదు. నేను అడగలేదు.

కొంచెం సేపటికి, "నంబరెంత ఇచ్చావ్?" అన్నాడు.

"మీకు చెప్పకూడదండి."

ఆయన నా వైపు తిరిగాడు. "మళ్ళీ చెప్పు."

 జెండా తీసుకుని నా చోటికి పోయి నిలబడ్డాను. ఇరవై రెండు నిమిషాలకి గూడ్సు వచ్చింది. యాభై నాలుగు పెట్టెలు, చివర గార్డు పెట్టె. ఆయన పెదవులు కదుపుతూ అన్నీ లెక్కపెట్టడం చూశాను. గార్డు నాకు ఆకుపచ్చ జెండా ఊపాడు, ఆయనకి కాదు. నేను తాళం తీసి చక్రం తిప్పాను. మాస్టరమ్మ లేచి వ్యాను ఎక్కింది, వెనకే ఆయనా ఎక్కాడు. వ్యాను పట్టాలు దాటేటప్పుడు ట్రంకుపెట్టెలు గలగలమన్నాయి. వెనక్కి తిరిగి చూశాడో లేదో చెప్పలేను. గేటు తీశానని కొత్త మాస్టరుకి అప్పటికే ఫోనులో చెప్తున్నాను. అటు పక్కన కొత్తాయన "సరేనండీ" అంటున్నాడు.

"సరే అనకండి," అన్నాను. "టైము రాసుకోండి."